పడవకు ఒక కాగితం, ఇంజనుకు ఇంకో కాగితం

2022 వేసవిలో డాలస్ దగ్గర ఒక పాత పడవ కొన్నాను. అల్యూమినియం పడవ, దాని వెనక బిగించిన 25 హార్స్‌పవర్ ఇంజను, కారు వెనక కట్టుకుని లాక్కెళ్లే ట్రెయిలర్, అన్నీ కలిపి 4,800 డాలర్లు. అమ్మిన పెద్దాయన లూయిస్‌విల్ సరస్సులో ఏళ్ల తరబడి చేపలు పట్టిన మనిషి. మోకాళ్లు మొరాయించాయని అమ్మేస్తున్నాడు. రిజిస్ట్రేషన్ ఫీజు సంగతి అడిగితే, "ముప్పై రెండు డాలర్లు, అంతే" అన్నాడు.

ఆయన చెప్పింది అబద్ధం కాదు. టెక్సస్‌లో పడవల రిజిస్ట్రేషన్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ చూస్తుంది. నేను కొన్నప్పుడు 16 అడుగుల లోపు పడవకు రెండేళ్లకు 32 డాలర్లు, 16 నుంచి 26 అడుగుల లోపు అయితే 53. మా పడవ పక్కన పెద్ద అక్షరాలతో 16 అని రాసి ఉంది కానీ, టైటిల్‌లో, అంటే యజమాని ఎవరో చెప్పే ప్రభుత్వ పత్రంలో, ఉన్న పొడవు 15 అడుగుల 8 అంగుళాలు. నమ్మకం చాలక టేపు పెట్టి కొలిచాను కూడా. ముక్కు నుంచి వెనక పలక దాకా తిన్నగా కొలవాలి, ఇంజను లెక్కలోకి రాదు. అంత డబ్బు పోసి పడవ కొన్నవాడిని, నాలుగు అంగుళాల పుణ్యాన 21 డాలర్లు మిగిలాయని ఆ పూటంతా సంతోషపడ్డాను.

ఆ సంతోషం కౌంటరు దగ్గరికి వెళ్లేదాకే. అక్కడి ఉద్యోగిని నా కాగితాలను బల్ల మీద రెండు వరుసలుగా పేర్చింది. ఒకటి పడవ దరఖాస్తు, రెండోది ఇంజను దరఖాస్తు. టెక్సస్‌లో బయట బిగించే ఇంజనుకు టైటిల్ విడిగా ఉంటుంది. టైటిల్ ఫీజు ఒక్కోదానికి 27 డాలర్లు. సరే అనుకున్నాను. ఆమె పడవ టైటిల్ చూసింది, వెనక సంతకం చూసింది, పక్కన పెట్టింది. ఇంజను టైటిల్ తీసుకుని పేరు మీద వేలు పెట్టి, "ఈయన ఎవరు?" అంది. ఆ పేరు నేను ఎన్నడూ వినలేదు.

పెద్దాయనకు అక్కడి నుంచే ఫోన్ చేశాను. అసలు ఇంజను పాడైతే ఐదేళ్ల క్రితం వేరే మనిషి దగ్గర ఇది కొని బిగించాడట. టైటిల్ కాగితం చేతికి వచ్చింది కదా అని డ్రాయరులో పెట్టేశాడు, తన పేరుకు మార్పించుకోలేదు. ఇన్నేళ్లూ ఎలా గడిచిందంటే, రెండేళ్లకోసారి రెన్యువల్ చేయాల్సింది పడవకే. ఇంజనుకు ఉండేది టైటిల్ మాత్రమే, దానికి రెన్యువల్ లేదు. అమ్మే రోజు వచ్చేదాకా ఎవరూ అడగరు.

డబ్బు అప్పటికే ఇచ్చేశాను. పెద్దాయన మంచివాడు కాబట్టి బతికిపోయాను. పాత యజమానిని వెతికి పట్టుకుని టైటిల్ వెనక సంతకం పెట్టించాడు. ఆయన ఈయనకు అమ్మినట్టు ఒక కాగితం, ఈయన నాకు అమ్మినట్టు ఇంకొకటి రాయించి పంపాడు. మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ పడవ మా ఇంటి ముందు టార్పాలిన్ కప్పుకుని కూర్చుంది. పక్కింటాయన రోజూ పొద్దున, "చేపలు పడ్డాయా?" అని అడిగేవాడు. ఇంజను సీరియల్ నంబరు ఇస్తే టైటిల్ ఎవరి పేరున ఉందో ఆ శాఖ వెబ్‌సైట్‌లోనే కనిపిస్తుందని నాకు ఈ మధ్యలోనే తెలిసింది. బేరానికి ముందు రెండు నిమిషాల పని.

అసలు బరువు ఫీజులో లేదు, పన్నులో ఉంది. పడవ, ఇంజను ధర మీద 6.25 శాతం అమ్మకపు పన్ను. అమ్మకపు కాగితంలో ధరలు విడివిడిగా రాయించడం మాత్రం నేను చేసిన తెలివైన పని: పడవ 2,400, ఇంజను 1,800, ట్రెయిలర్ 600. మొదటి రెండింటి మీద పన్ను 262 డాలర్ల 50 సెంట్లు. రిజిస్ట్రేషన్, రెండు టైటిళ్లు కలిపి 86. ముప్పై రెండు అనుకుని వెళ్లినవాడిని 348 డాలర్ల 50 సెంట్లు కట్టి బయటపడ్డాను. ట్రెయిలర్ సంగతి ఈ లెక్కలో లేదు. అది కారు బాపతు, దాని నంబరు ప్లేటు కౌంటీ (మన జిల్లా లాంటిది) ట్యాక్స్ ఆఫీసులో తీసుకోవాలి.

పడవ నంబరు యజమాని మారినా మారదు. టీఎక్స్ అనే అక్షరాలు, నాలుగు అంకెలు, మళ్లీ రెండు అక్షరాలు, మూడంగుళాల ఎత్తున ముందుభాగంలో రెండు వైపులా ఉండాలి. పాతవి ఎండకు పెళుసెక్కి రాలిపోతుంటే గీకేసి కొత్తవి అంటించాను. కుడివైపు అంకెలు కాస్త తోకెత్తాయి. ఫోటో తీసి విశాఖలో ఉన్న నాన్నకు పంపాను. ఆయన అక్కడి ఫిషింగ్ హార్బర్‌లో బోట్ల మీద రాసి ఉండే నంబర్లు రోజూ చూసే మనిషి.

వెంటనే ఫోన్ చేశారు. "పడవకు నంబరు వేశావు, బాగుంది. మరి ఇంజనుకేదిరా?"

"ఇంజనుకు నంబరు అంటించక్కర్లేదు నాన్నా, కాగితం ఒక్కటే."

"ఆ కాగితం నీ పేరునే ఉందా?"

"పోస్టులో వస్తోంది" అన్నాను.