నేను చెబుతుంటే నువ్వు చెప్పేస్తావు

"నేను చెబుతుంటే నువ్వు చెప్పేస్తావు. ఇక అమ్మమ్మతో మాట్లాడను" అని మా ఐదేళ్ల అమ్మాయి ఫోను నా ఒళ్లో పడేసి లోపలికి వెళ్లిపోయింది. వాళ్ల తరగతిలో ఇంక్యుబేటర్‌లో పెట్టిన 12 గుడ్లలో మొదటిది ఆ రోజే చిట్లింది. ఆ సంగతి కోనసీమలో ఉన్న మా అమ్మకు చెప్పాలని సాయంత్రమంతా ఎదురు చూసింది. "కోడిపాప గోడ కొడుతోంది అమ్మమ్మా" అని మొదలుపెట్టగానే, "గోడ కాదు, పెంకు, కొట్టడం కాదు, పొడవడం" అని నేను అందుకున్నాను.

నిజానికి అమ్మకు అంతా అర్థమవుతూనే ఉంది. బడిలో ఇంక్యుబేటర్‌తో చేసే 37.5 డిగ్రీల వేడి, రోజుకు పలుసార్లు గుడ్లు తిప్పడం, 18వ రోజు నుంచి తిప్పకుండా వదిలేయడం, ఇవన్నీ మా ఇంట్లో వరిగడ్డి పరిచిన గంపలో పొదుగుకు కూర్చున్న పెట్ట తానే చూసుకునేది. నాలుగు నూకలు తిని పరుగున వచ్చి, ముక్కుతో గుడ్లను పొట్ట కిందికి దొర్లించుకునేది.

అలాంటి ఒక గంప దగ్గరే, నాకు ఏడేళ్లప్పుడు, పెంకులోంచి కీచుమంటున్న పిల్ల మీద జాలిపడి గోటితో పెంకు ఒలిచాను. తొలి చిల్లు పడ్డాక పిల్ల బయటికి రావడానికి ఒక్కోసారి 24 గంటలు పడుతుందనీ, ఆలోగా లోపలి పొరలోని నెత్తురు దాని ఒంట్లోకి చేరి, మిగిలిన పచ్చసొన కడుపులోకి ఇంకాలనీ నాకు అప్పటికి తెలియదు. తెల్లని పొర మీద సన్నని ఎర్రగీత సాగి నా వేలికి అంటుకుంది. సాయంత్రానికి ఆ పిల్ల చనిపోయింది. అమ్మ నన్ను తిట్టలేదు, చెయ్యి కడిగింది.

ఇదంతా తెలిసిన దాన్నే, నా బిడ్డ నోట్లో మాట తయారవుతుంటే ఆగలేకపోతున్నాను. తెలుగు పోతుందనే భయం నాది. అయితే పొద్దున బడికి తయారుచేసే హడావుడిలో దానితో ఇంగ్లీషులోనే మాట్లాడేది కూడా నేనే. తప్పులు దిద్దకండి, పిల్లలను మాట్లాడనివ్వండి అని తోటి తల్లులకు చెప్పినదాన్ని. కానీ ఎవరూ దిద్దకపోతే ఆ మాటలు అలాగే ఉండిపోతాయేమోనన్న దిగులు నన్ను వదలదు. ఎంతసేపు ఆగాలో గుడ్డుకు లెక్క ఉంది, 21 రోజులు. పిల్లల మాటకు ఏ లెక్కా లేదు.

శనివారం మా అమ్మాయే మళ్లీ ఫోను అడిగి తీసుకుంది. నేను వంటగదిలోనే ఉండిపోయాను. "పదకొండు వచ్చాయి అమ్మమ్మా. ఒకటి..." అని ఆగిపోయింది. మురిగిపోయింది అనే మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. అటువైపు అమ్మ కూడా మాట్లాడలేదు. కాసేపటికి అమ్మాయే, "ఒకటి లోపలే ఉంది" అంది. "అయ్యో తల్లీ" అంది అమ్మ.