చుక్కతో మొదలయ్యే పేర్లు

రాత్రి పదకొండున్నర దాటింది. కొత్త ఎస్సెస్‌డీ వచ్చి నాలుగు రోజులైంది. మా లినక్స్ కంప్యూటర్లో సిస్టమ్‌ని ఆ కొత్త డిస్కు మీదికి మార్చే ముందు ఏమేం బ్యాకప్ తీయాలో తేలుద్దామని కూర్చున్నాను. పాత బ్యాకప్ డిస్కు తిరగేస్తుంటే అందులో ఒక ఫైలు లేదు. స్టాండర్డ్ డాట్ డిక్. 52 కేబీ. అప్పటి నుంచీ ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

ఉత్తరాలూ పుస్తకాలూ టైపు చేసుకునే లిబ్రేఆఫీస్‌లో ఎర్రగీత పడ్డ మాట మీద కుడి క్లిక్ చేసి నిఘంటువులో చేర్చినప్పుడల్లా ఆ మాట వెళ్ళి పడేది ఈ ఫైల్లోనే. ఊళ్ళ పేర్లు, ఇంటిపేర్లు, సంధి కలిసిన మాటలు, రెండు వేల పైచిలుకు. ఉండేది డాట్ కాన్ఫిగ్ (ముందు చుక్క ఉన్న పేరు, లినక్స్‌లో ఇలాంటివి మామూలుగా కనిపించవు) లోపల లిబ్రేఆఫీస్, అందులో 4, అందులో యూజర్, అందులో వర్డ్‌బుక్. ఫ్లాట్‌ప్యాక్ అనే పద్ధతిలో ప్రోగ్రామ్ వేసుకున్నవాళ్ళకి డాట్ వార్ కింద యాప్ ఫోల్డర్లో ఉంటుంది. అదృష్టం, నడుస్తున్న డిస్కులో ఇంకా క్షేమంగానే ఉంది.

పాతదాంట్లోకి ఎందుకు రాలేదంటే, ఆ బ్యాకప్ సీపీ అనే కాపీ ఆదేశానికి, అన్నీ అని చెప్పే నక్షత్రం గుర్తు తగిలించి తీసింది. షెల్‌లో, అంటే ఆదేశాలు టైపు చేసే చోట, ఒంటి నక్షత్రం చుక్కతో మొదలయ్యే పేర్లను పట్టుకోదు. బ్యాష్ అనే షెల్‌లో డాట్‌గ్లాబ్ అనే సెట్టింగ్ ఆన్ చేసి ఉంటే తప్ప. ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. ఎస్సెస్‌హెచ్ తాళాలు (వేరే కంప్యూటర్లలోకి వెళ్ళడానికి), జీపీజీ తాళాలు (రహస్య లిపికి), థండర్‌బర్డ్ ఉత్తరాలు, అన్నీ చుక్క ఫోల్డర్లే. ఒక్కటీ రాకపోయినా డిస్కు సైజు చూస్తే అంతా వచ్చినట్టే కనిపిస్తుంది, ఎందుకంటే బరువంతా ఫోటోలదీ వీడియోలదీ. ఇన్నేళ్ళు ఆ డిస్కును నమ్ముకుని బీరువాలో పెట్టాం.

నక్షత్రం జోలికి పోకుండా ఫోల్డర్ పేరే ఇవ్వాలి. ఆర్‌సింక్ అనే కాపీ ప్రోగ్రామ్‌లో మూలం పేరు చివర స్లాష్ పెడితే లోపలి సరుకంతా వెళ్తుంది, చుక్కవాటితో సహా. స్లాష్ లేకపోతే అవతల అదే పేరుతో ఫోల్డర్ పుట్టి అందులోకి వెళ్తుంది. ఒకసారి స్లాష్‌తో, ఒకసారి లేకుండా నడిపితే ఒకే డిస్కులో రెండు కాపీలు తయారవుతాయి.

కాగితం మీద జాబితా మొదలుపెట్టాను: ఫోటోలు, డాక్యుమెంట్లు, మెయిల్, తాళాలు, ఇప్పుడీ వర్డ్‌బుక్. ఐదో వరస రాస్తుంటే నాన్నగారి వంశవృక్షం గుర్తొచ్చింది.

38 పేజీల డాక్ ఫైలు. ఆమధ్య తెరిస్తే తెలుగు అక్షరం ఒక్కటి లేదు. ఇంగ్లీషు అక్షరాలు, వాటి మధ్య గీతలు, బాణాలు. ఫైలు చెడిపోలేదు. యూనికోడ్‌కు (ప్రతి భాష అక్షరానికీ సొంత అంకె ఇచ్చే పద్ధతి) ముందు కాలపు డీటీపీ ఫాంటులో కొట్టించింది అది. ఆ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల గళ్ళలో తెలుగు ముక్కల్ని కూర్చోబెడతాయి. తలకట్టు ఒక గడి, ఒత్తు ఇంకో గడి. ఫైల్లో నిలిచేది ఆ గళ్ళ అంకెలే, తెలుగంతా ఫాంటులో ఉంటుంది. ఆ ఫాంటేమో హోమ్‌లో (మన సొంత ఫైళ్ళన్నీ ఉండే ఫోల్డర్) డాట్ ఫాంట్స్ అనే ఫోల్డర్లో ఉండేది. మళ్ళీ చుక్కే. వంశవృక్షాన్ని మూడు చోట్ల దాచాం, ఫాంటును ఒక్కచోటా దాచలేదు. అదే పేరున్న వేరే వెర్షన్ వేసి చూస్తే సగం ఒత్తులు తప్పు అక్షరాలకు అతుక్కున్నాయి. చివరికి బాబాయి పాత కంప్యూటర్లో అసలుది దొరికింది. ఎనిమిదో తరంలో ఇద్దరు వెంకటసుబ్బయ్యలు వేరువేరుగా కనిపించాకే నాన్నగారు నమ్మారు.

దాంతో కాగితం చించేశాను. దాచాల్సినవాటి జాబితా రాయడమే తప్పు పద్ధతి. అందులో మర్చిపోయింది చడీచప్పుడు లేకుండా పోతుంది. హోమ్ మొత్తం తీసుకుని, వద్దనుకున్నవాటి జాబితా రాస్తే, మర్చిపోయిన వస్తువు కాస్త చోటు తింటుంది, అంతే.

వద్దనుకున్నవి: డాట్ క్యాష్ (ప్రోగ్రాములు తాత్కాలికంగా దాచుకునేది, ఇక్కడ 9 జీబీ, తనంతట తాను మళ్ళీ పుడుతుంది), చెత్తబుట్ట, చిన్నాడి స్టీమ్ ఆటల్లో కామన్ అనే ఫోల్డర్. దాని పక్కనే ఉండే కంపాట్‌డేటా మాత్రం ఉండాలి. ప్రోటాన్ (విండోస్ ఆటల్ని లినక్స్‌లో ఆడించేది) మీద ఆడే చాలా ఆటల సేవ్ ఫైళ్ళు దాన్లోనే ఉంటాయి, క్లౌడ్‌కి వెళ్ళని ఆటకి అదొక్కటే దిక్కు. వర్చువల్ మెషిన్ (కంప్యూటర్ లోపల నడిచే ఇంకో కంప్యూటర్) డిస్కు ఫైలు దగ్గర ఆగాను. లోపల కొంచెం మారినా ఆర్‌సింక్ మన డిస్కు నుంచి మన డిస్కుకే అయితే ఫైలంతా మళ్ళీ రాస్తుంది. బోర్గ్, రెస్టిక్ అనే బ్యాకప్ ప్రోగ్రాములైతే ముక్కలుగా కోసి మారినవే దాస్తాయి. ఏది వాడినా మెషిన్ ఆపి తీయాలి. నడుస్తుండగా తీసిన కాపీ తెరుచుకుంటుందన్న నమ్మకం లేదు. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ అయినా అంతే, డంప్ (లోపలి సమాచారమంతా ఒక ఫైల్లోకి) తీసి ఆ డంపును దాచాలి.

హోమ్ బయట కావాల్సింది తక్కువే. సెట్టింగులుండే ఈటీసీ మొత్తం, ఎలాగూ కొన్ని ఎంబీలే. మనం చేత్తో వేసుకున్న ప్రోగ్రాములుండే యూఎస్ఆర్ లోకల్. వార్ స్పూల్‌లో ఉండే క్రాన్ (వేళ ప్రకారం నడిచే పనుల జాబితా). ఆప్ట్-మార్క్ షోమాన్యువల్ అనే ఆదేశం ఇచ్చే, మనం వేసుకున్న ప్యాకేజీల పేర్లు ఒక టెక్స్ట్ ఫైల్లో. ప్రోక్, సిస్, డెవ్, రన్ తాకకూడదు. అవి డిస్కులో ఉండవు, సిస్టమ్ గుండెకాయ కెర్నల్ అప్పటికప్పుడు చూపించేవి. ప్రోక్‌లోని కేకోర్ అనే ఫైలు తన సైజు 128 టీబీ అని చెబుతుంది. ఆర్‌సింక్‌కి చిన్న ఎక్స్ ఆప్షన్ (వేరే పార్టిషన్లలోకి పోవద్దని చెప్పేది) పెడితే ఇవి తప్పిపోతాయి, కానీ రూట్ (అన్నిటికీ పైనున్న ఫోల్డర్) నుంచి నడిపితే వేరే పార్టిషన్‌లో ఉన్న హోమ్ కూడా తప్పిపోతుంది. బ్యాకప్‌కి టైమ్‌షిఫ్ట్ అనే ప్రోగ్రామ్ ఉంది కదా అంటాడు బావ. అది సిస్టమ్ కోసం. మనం మార్చకపోతే హోమ్‌ను వదిలేస్తుంది.

బ్యాకప్ డిస్కు ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌లో ఉంటే ఈఎక్స్‌టీ4గా మార్చాలి. లేకపోతే ఫైలును ఎవరు చదవొచ్చో చెప్పే అనుమతులు నిలవవు. తిరిగి తెచ్చుకున్న తాళం ఎవరైనా చదవొచ్చన్నట్టు ఉంటే ఎస్సెస్‌హెచ్ ముట్టుకోదు, అనుమతిని 600 (సొంతదారు మాత్రమే చదివి రాయగలిగేలా) చేసేదాకా.

తెలుగు పేర్ల గొడవ ఇంకోటి. ఫైలు పేరుకు హద్దు 255 బైట్లు. తెలుగులో ఒక్కో సంకేతానికి మూడు బైట్లు, గుణింతం వేరు, పొల్లు వేరు. ఒక్క "శ్రీ"కే పన్నెండు. పెళ్ళి ఫోటోల ఫోల్డర్‌కి అక్క పెట్టిన పేరు ఇక్కడ సరిపోయింది. ఫైళ్ళతోపాటు పేర్లను కూడా రహస్య లిపిలోకి మార్చే ఈక్రిప్ట్‌ఎఫ్ఎస్‌లో హద్దు 143 బైట్లే, అంటే 47 సంకేతాలు. దాన్లో పట్టదు. రేపు అక్కకి చెప్పి పేరు కుదించాలి.

డ్రై రన్ (ఏమీ రాయకుండా, ఏమేం వెళ్తాయో చూపించడం) పెట్టాను, దానికి ముందు మౌంట్‌పాయింట్ ఆదేశంతో డిస్కు నిజంగా తగులుకుందో లేదో చూసి. తగులుకోకపోతే ఆర్‌సింక్ ఆ ఖాళీ ఫోల్డర్లోకే రాసి అసలు డిస్కును నింపేస్తుంది. వరసలు పైకి పోతున్నాయి... డాట్ కాన్ఫిగ్, లిబ్రేఆఫీస్, 4, యూజర్, వర్డ్‌బుక్, స్టాండర్డ్ డాట్ డిక్. వచ్చింది. డ్రై రన్ కోసం పెట్టిన ఎన్ ఆప్షన్ తీసేసి నిజంగానే నడిపించాను, 186 జీబీ. పొద్దున చిన్నాడు లేచేలోపు అయిపోవాలి, లేకపోతే ఫోన్ ఛార్జింగ్ కోసం డిస్కు కేబుల్ పీకేస్తాడు.