జెబెల్ అలీ గోదాం, మా ఊరి నడుములు

మాది మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లా ధర్మాబాద్. పక్కనే బాసర, గోదావరి దాటితే నిజామాబాద్ జిల్లా. ఇంట్లో తెలుగు, ఆఫీసుల్లో మరాఠీ. అటువాళ్లతో పాటే మా పిల్లలూ దుబాయ్ బాట పట్టారు. నేనూ దుబాయ్ రేవు ప్రాంతం జెబెల్ అలీలో ఒక గోదాంలో కొన్నేళ్లు పనిచేసి వచ్చాను.

గోదాం అనగానే ఇక్కడివాళ్లు "నీడపట్టు పనే కదా" అంటారు. అక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదు. మంచి నియమమే. కానీ ఎండకు కాలిన కంటైనర్ లోపల పెట్టెలు దించేవాడు మా సూపర్‌వైజర్ లెక్కలో నీడలో ఉన్నట్టే.

పనిచేసేవాళ్ల ఆరోగ్యం, భద్రత మీద పరిశోధన చేసే అమెరికా సంస్థ నియోష్ 1991లో ఇచ్చిన లెక్క ప్రకారం, అన్నీ అనుకూలంగా ఉంటేనే ఒక మనిషి ఎత్తదగ్గ బరువు 23 కిలోలు. పెట్టె ఒంటికి దగ్గరగా ఉండాలి, నడుము తిప్పకూడదు. వంగినా, చేతులు చాచినా, ఎత్తే వేగం పెరిగినా ఆ హద్దు తగ్గిపోతుంది. కంటైనర్‌లో ఇవన్నీ ఒకేసారి జరుగుతాయి. కింది వరుసకు వంగాలి, పై వరుసకు చేతులెత్తాలి, బరువుతోనే పక్కనున్న ప్యాలెట్ (పెట్టెలు పేర్చే చెక్క పలక) వైపు తిరగాలి. ఆ తిరగడమే నడుముని తినేస్తుంది. పికింగ్ (ఆర్డరు ప్రకారం అరల్లోంచి సరుకు తీయడం) చేసేవాళ్లకు ముందు మెడ, భుజం, మణికట్టు పట్టేస్తాయి.

చేతిలో స్కానర్ ప్రతి పెట్టెకీ టైము రాసుకుంటుంది. టార్గెట్‌లో వెనకబడితే షిఫ్టు చివర అందరి ముందూ పేరు చదువుతారు. ఆ టెన్షన్‌కి రోజంతా భుజాలు బిగుసుకునే ఉంటాయి. ఊళ్లో ఏజెంటు కోసం చేసిన అప్పుకి వడ్డీ పెరుగుతుంటే నొప్పి అని ఎవరు చెబుతారు? మా క్యాంపులో జగిత్యాల అన్న ఒకాయన కాల్లోకి తిమ్మిరి దిగుతున్నా బెల్టు బిగించుకుని డ్యూటీకి వచ్చేవాడు. "చెప్తే పంపించేస్తరు తమ్మీ, అప్పు తీరేదాక ఓర్సుకోవాలె" అనేవాడు. నడుము నుంచి కాల్లోకి తిమ్మిరి దిగిందంటే నరం నొక్కుకుంటోందేమో చూపించుకోవాలి. క్లినిక్‌లో ఇచ్చినవి నొప్పి మాత్రలే.

మా మిర్చి మార్కెట్ హమాలీలు మోసేదీ తక్కువేం కాదు. కానీ మహారాష్ట్రలో 1969 నుంచి హమాలీల కోసం మాథాడీ చట్టం ఉంది. బోర్డులో పేరున్నవాళ్లకు కూలీ, పీఎఫ్ బోర్డు ద్వారానే అందుతాయి. అడగడానికి సంఘం ఉంటుంది. దుబాయ్‌లో కార్మికులు సంఘం పెట్టుకోవడానికే వీల్లేదు.

వీసా వచ్చిందని చెప్పడానికి వచ్చే పిల్లలతో జీతం సంగతి తర్వాత మాట్లాడదాం అంటాను. కంటైనర్లు చేత్తో దించాలా? ప్యాలెట్లు లాగే చేతి బండి ఇస్తారా? టార్గెట్ ఎంత? ఓటీ (ఓవర్‌టైమ్) వద్దనొచ్చా? డ్యూటీలో నడుము పడితే వైద్యం ఖర్చు ఎవరిది? ఏజెంటు విసుక్కున్నా సరే, ఇవి అడిగి కాగితం మీద రాయించుకోండి.