ముసురు తెరిపిచ్చిన పొద్దున

మూడు రోజుల ముసురు తర్వాత ఈ పొద్దున కాస్త తెరిపిచ్చింది. గొడుగు చంకన పెట్టుకుని చెన్నైలోని పళ్లికరణై చిత్తడి నేల వైపు నడిచాను. మే నెలలో అంచులన్నీ పగుళ్లిచ్చిన నేల ఇదేనా! ఎటు చూసినా నీళ్లు, మధ్యలో పచ్చటి జమ్ము.

ఆ జమ్ములోంచి ఒక నీలికోడి బయటికొచ్చింది. ఒళ్లంతా నీలం, ముక్కూ నుదురూ ఎరుపు. పొడవాటి కాలివేళ్లతో మెల్లగా అడుగులేస్తూ, లేత కాడ ఒకటి పీకి, కాలితో పట్టుకుని అచ్చం చిలకలా కొరికి తింది. పది నిమిషాలు కదల్లేకపోయాను.

మాది నెల్లూరు. అక్కడైనా ఇక్కడైనా అసలు వానంటే ఈశాన్య రుతుపవనాలదే. చెన్నైకి ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు మధ్యే పడుతుంది. 2015 వరదలు చూశాక మబ్బు పడితే టెన్షన్ నాకూ వస్తుంది. కానీ చుట్టుపక్కల వాన నీళ్లను కడుపులో దాచుకునేది ఈ చిత్తడి నేలే కదా. 2022లో దీనికి అంతర్జాతీయ ప్రాధాన్యమున్న చిత్తడి నేలలకిచ్చే రామ్‌సర్ గుర్తింపు వచ్చిన రోజు ఇంట్లో అందరికీ చెప్పుకుని మురిసిపోయాను.

తిరిగొస్తుంటే మళ్లీ చినుకులు. గొడుగు తెరవబుద్ధి కాలేదు.