జీను లేకుండా చుక్క మీద

ఈ ఆషాఢంలో నేను గుర్రం ఎక్కడం నేర్చుకున్నాను, అదీ జీను లేకుండా. మొన్న ఫొటో పెడితే చాలామంది అడిగారు ఎలా అని, అందుకే రాస్తున్నా.

మా అమ్మవాళ్ళ ఊరు నెల్లిమర్ల దగ్గర, చంపావతి ఒడ్డునే. అక్కడ వరసకి మావయ్య ఒకాయనకి ఆడగుర్రం ఉంది, నుదుటి మీద తెల్లటి మచ్చ ఉంటుంది కాబట్టి పేరు చుక్క. వాళ్ళ నాన్నగారు విజయనగరంలో జట్కా తోలేవారు, జట్కాలు పోయాక ఈయన పెళ్ళిళ్ళకి గుర్రం అద్దెకిస్తున్నాడు. ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు కదా, చుక్కకి ఖాళీ, నాకు స్కూల్ టైముకి ముందు పొద్దున్నే ఓ గంట దొరుకుతుంది, అలా కుదిరింది. జీను ఏది మావయ్యా అంటే, "ఉన్నది పెళ్ళి జీనమ్మీ, దాని మీద కూకుంటే కింద గుర్రం ఏటి సేస్తందో నీకు తెల్దు" అన్నాడు.

కాలు పెట్టి ఎక్కే రికాబు లేకపోతే ఎక్కడమే పెద్ద పని. జూలు పట్టుకుని ఎగిరి వేలాడితే బరువంతా ఒక పక్కే పడి దాని వెన్ను లాగేస్తుంది, అందుకని ఏటి గట్టు పక్కన నిలబెట్టి, గట్టు మీంచి ఎడమ వైపు నుంచి ముందు పొట్ట ఆనించి, అది కుదురుగా ఉందని తెలిసాక మెల్లగా కాలు అటు వెయ్యాలి. కూర్చోగానే నాకు తెలిసిన మొదటి విషయం వేడి. గుర్రం ఒళ్ళు మామూలుగానే 38 డిగ్రీల దగ్గర ఉంటుంది, పల్చటి కాటన్ ఫ్యాంటులోంచి ఆ వేడి, దాని ఊపిరి, నడిచేటప్పుడు ఒకసారి కుడి పక్క ఒకసారి ఎడమ పక్క వీపు లేవడం అన్నీ తెలుస్తాయి. చిన్నప్పుడు బీచ్‌లో గుర్రం ఎక్కాను గానీ, ఎవరో తాడు పట్టుకుని లాక్కెళ్ళారు, అప్పుడు ఇవేవీ తెలీలేదు.

రెండో రోజు పడ్డాను. ఎలా పడ్డానో వివరంగా చెప్తాను ఎందుకంటే నేర్చుకున్నదంతా అందులోనే ఉంది. మావయ్య తాడు వదిలేసరికి భయమేసి కాళ్ళు గట్టిగా బిగించాను, మనిషికి అది సహజం, పడిపోతాం అనుకుంటే పట్టుకుంటాం. కానీ గుర్రానికి కాళ్ళు నొక్కడం అంటే ముందుకెళ్ళమని చెప్పడం. చుక్క నడక పెంచింది, నేను ఇంకా బిగించాను, అది పరుగందుకుంది, నేను ముందుకి వంగిపోయి కుడి పక్కన ఇసకలోకి జారిపోయాను. అది నాలుగడుగులేసి ఆగిపోయి నా వైపు చూస్తా నిలబడింది. దాని తప్పు ఏమీ లేదు, నేను చెప్పిందే చేసింది. ఒంటి మీద ఈగ వాలితే సరిగ్గా అక్కడి చర్మం మాత్రమే వణికించి తోలేసుకునే జంతువు అది, మన రెండు కాళ్ళ బిగింపు దానికి ఎంత పెద్ద మాటో ఆలోచించండి. (స్వారీ హెల్మెట్ తెప్పించుకున్నాకే మళ్ళీ ఎక్కాను, మీరు మొదటి రోజు నుంచే పెట్టుకోండి.)

తర్వాత వారమంతా నడకే. పగ్గాలు వదులుగా, ఒక చెయ్యి జూలు మీద, కాళ్ళు బరువుగా కిందికి వేలాడెయ్యడం, ఊపిరి బిగపట్టకుండా వదలడం. మావయ్య పక్కనే నడుస్తా ఒకటే మాట, "పీట మీద కూకున్నట్టు కూకోకమ్మీ, నిల్చున్నట్టు కూకో." మూడు రోజులు అర్థం కాలేదు. మోకాళ్ళు పైకి లేపి కుర్చీలోలాగ కూర్చుంటున్నాను అన్నమాట, అప్పుడు బరువు వెనక్కి పడుతుంది, గుర్రం కదిలినప్పుడల్లా మనం ఆలస్యంగా కదులుతాం. భుజం, తుంటి, మడమ ఒకే గీతలో ఉంటే ఆ ఊపు మన నడుములోంచి వెళ్ళిపోతుంది. ఆశ్చర్యం ఏంటంటే సుమారు 2,400 ఏళ్ళ కిందట గ్రీకు సైనికుడు జెనొఫోన్ కూడా ఇదే రాశాడు, ఉత్త వీపు మీదైనా గుడ్డ మీదైనా కుర్చీలోలా కాకుండా కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డట్టు ఉండాలని. అప్పటికి వాళ్ళకి రికాబులే లేవు. ఆయనెక్కడ, బడికి పోని మా మావయ్యెక్కడ, ఇద్దరికీ ఈ మాట గుర్రమే చెప్పుంటుంది.

నడకలో నాలుగు డెక్కలు విడివిడిగా పడతాయి, మెత్తగా ఉంటుంది. చిన్న పరుగులో మాత్రం ఐమూల కాళ్ళు (ముందు కుడిది, వెనక ఎడమది అలా) జంటగా పడతాయి, టక్ టక్ అని రెండే దెబ్బలు, జీను లేకపోతే ఆ ఎగుడుదిగుడు అంతా మన మీదే. మనం ఎగిరి పడితే దానికీ నెప్పి, జీనైతే మన బరువుని వీపంతా పరుస్తుంది, ఉత్త వీపు మీద మన రెండు కూర్చునే ఎముకలే గుచ్చుకుంటాయి. అందుకని ఇరవై నిమిషాలు దాటనివ్వడు మావయ్య, అదీ నీళ్ళ పక్కన తడి ఇసక మీదే, పొడి ఇసకలో కాళ్ళు దిగబడి కాళ్ళ నరాలు పట్టేస్తాయని. ఈ విషయంలో ఆయన కచ్చితం నాకు చాలా నచ్చింది.

దిగాక పనే ఎక్కువసేపు. ఏట్లో కడగడం, మాలీసు చెయ్యడం, డెక్కల్లో రాళ్ళు తియ్యడం. ఇక్కడో మాట చెప్పాలి, పెళ్ళిళ్ళలో ముద్దుగా ఉందని గుర్రానికి లడ్డూలు పూరీలు పెట్టకండి దయచేసి. గుర్రం వాంతి చేసుకోలేదు, తిన్నది పడకపోతే కడుపునెప్పితో ప్రాణమే పోవచ్చు. ఉలవలు కూడా నానబెట్టి ఉడికించి కొలిచి పెడతాడు ఆయన.

నిన్న పొద్దున్న చిన్న పరుగులో కరకట్ట దాకా వెళ్ళాం. ఆపాలనుకుని పగ్గం లాగబోయే ముందు మామూలుగా ఊపిరి వదిలాను, నడుము కాస్త బరువైంది, అంతే, చుక్క చెవి ఒకటి నా వైపు తిప్పి నడకలోకి వచ్చేసింది. నేను పగ్గం ముట్టుకోలేదు. వెనక నుంచి మావయ్య అరిచాడు, "రేపు బేగి రామ్మీ, ఎండెక్కీసరికి దానికి సెమటొచ్చేస్తది, జారిపోతావు."