బ్లైండ్ మీద బ్లైండ్

నిన్న హన్మకొండలో చుట్టాల పెళ్లి. రాత్రి డాబా మీద మూడు ముక్కలాట. ఆడేవాళ్లలో మా వార్డు లీడర్ ఒకాయన ఉన్నాడు. జేబు ఖాళీ కాగానే డ్రైవర్‌ను పిలిచి, "నీ దగ్గరెంతున్నయ్ రా, తియ్" అన్నాడు. బిడ్డ ఫీజుకని దాచుకున్న ఐదు వందల నోట్లు, రబ్బరు బ్యాండు కూడా తియ్యకుండా ఇచ్చేశాడు పాపం. ముక్కలు చూడకుండా బ్లైండ్ మీద బ్లైండ్! అరగంటలో అవీ పోయాయి.

2017లో ఆన్‌లైన్ రమ్మీని నిషేధించిన రాష్ట్రం మనది. ఒబామా కూడా ఇల్లినాయ్ సెనేట్‌లో ఉన్నప్పుడు పోకర్ ఆడేవాడు, కానీ ముక్కలు బాగా లేకపోతే పక్కన పడేసే జాగ్రత్తపరుడని పేరు. ధర్మరాజు మాత్రం తన సొత్తు పోయాక తమ్ముళ్లను ఒడ్డాడు.

ఓడిపోతున్నప్పుడు మా లీడర్ చెయ్యి ఎవరి డబ్బు మీద పడిందో కళ్లారా చూశాను. రేపు వార్డు నిధులు ఆ చేతిలో పెట్టాలంటే నాకు భయంగా ఉంది. ఆ డ్రైవరన్న తెల్లారేదాకా మెట్ల మీదే కూర్చున్నాడు.