సివిల్స్ మూడో అటెంప్ట్: బెయిలౌట్ ప్రశ్న దగ్గర నేను చేసిన తప్పు

లిస్టులో నా పేరు చూసుకుని నాలుగు రోజులైంది. "అన్నా, ఏం చదివావు?" అని హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్ తమ్ముళ్లు, చెల్లెళ్లు ఒకటే ఫోన్లు. పుస్తకాల లిస్టు మీ దగ్గరున్నదే నా దగ్గరా ఉంది. అందుకే రెండో అటెంప్ట్ ఎక్కడ పోయిందో అదొక్కటే వివరంగా చెబుతాను.

అప్పుడు మెయిన్స్ జనరల్ స్టడీస్ మూడో పేపర్ (జీఎస్-3)లో నాకొచ్చినవి 71. మార్కులు చూశాక చిక్కడపల్లి లైబ్రరీలో కూర్చుని పాత టెస్ట్ సిరీస్ పేపర్లు ముందేసుకున్నాను. నష్టాల్లో ఉన్న పరిశ్రమలను ప్రభుత్వం ఆదుకోవడం, అంటే బెయిలౌట్‌పై ప్రజల్లో ఆగ్రహాన్ని విశ్లేషించమని 15 మార్కుల ప్రశ్న. పేజీలు నిండా రాశాను. దిద్దిన సారు 3 వేసి, పక్కన ఎర్ర ఇంకుతో "కోపం కనిపిస్తోంది, జవాబేది?" అని రాశారు.

ఆ కోపం ఊరికే రాలేదు. బాలానగర్‌లో మా నాన్నది లేత్ షాపు. ఒక పెద్ద కంపెనీ పార్టులు చేయించుకుని ఏడాదిన్నర బిల్లులు ఆపింది. తర్వాత ఆ కంపెనీకి ప్యాకేజీ వచ్చింది, నాన్న బాకీ మాత్రం రాలేదు. ఉన్న రెండు మిషన్లలో ఒకటి అమ్మి పనివాళ్ల జీతాలిచ్చాడు. మిషన్ ట్రాలీ ఎక్కాక గచ్చు మీద నాలుగు బోల్టు గుంతలు, చుట్టూ నూనె మరక మిగిలాయి. పేపర్లో నేను రాసిందంతా ఆ మరక గురించే.

మళ్లీ మొదటి నుంచి చదివాను. 2012లో ఎయిరిండియాకు దాదాపు 30 వేల కోట్ల ప్యాకేజీ. 2021లో టాటాలు 18 వేల కోట్లకు కొంటే అందులో నగదు 2,700 కోట్లే, మిగతాది వాళ్లు నెత్తికెత్తుకున్న అప్పు. 2025లో వొడాఫోన్ ఐడియా సర్కారుకు కట్టాల్సిన బకాయిలు 36,950 కోట్లు షేర్లుగా మారి, ప్రభుత్వ వాటా దాదాపు 49 శాతానికి చేరింది. జనం మండిపడటంలో తప్పేముంది? 2009లో అమెరికాలోనూ అంతే. సర్కారు సొమ్ముతో గట్టెక్కిన బీమా కంపెనీ ఏఐజీ 16.5 కోట్ల డాలర్ల బోనస్‌లు పంచితే జనం భగ్గుమన్నారు. అదే ఏడాది లెక్కల మోసం బయటపడ్డ మన సత్యం కంప్యూటర్స్ విషయంలో ప్రభుత్వం ఖజానా తెరవలేదు. పాత బోర్డును తీసేసి కొత్తది వేసింది, మూడు నెలల్లో కంపెనీ టెక్ మహీంద్రా చేతికి వెళ్లింది.

అప్పుడు వెలిగింది. ముంచినవాడు కుర్చీ దిగాడా, షేర్‌హోల్డర్ నష్టపోయాడా, డబ్బు ఏ షరతు మీద ఇచ్చారు, చిన్న సప్లయర్ వరుసలో ఎక్కడున్నాడు? కోపాన్ని ఈ ప్రశ్నలుగా మార్చి అదే జవాబు తొమ్మిదిసార్లు తిరగరాశాను. ఈసారి జీఎస్-3లో 104.

ప్రిలిమ్స్, ఆప్షనల్ గురించి కొత్తగా చెప్పేదేం లేదు. కోచింగ్ మానేశానని చాలామంది తప్పుపట్టారు. ఫీజుకు డబ్బుల్లేవు, అంతే. కానీ రోజుకో జవాబు రాయడం జ్వరమొచ్చినా మానలేదు. మీరూ మానొద్దు, ఫోన్ పక్కన పడేయండి.

ఇంటర్వ్యూలో నా వివరాలన్నీ రాసిచ్చిన దరఖాస్తు (డాఫ్) చూసి ఒక మేడమ్ అడిగారు: "మీ నాన్నగారి షాపు మునిగిపోతుంటే ప్రభుత్వం ఆదుకోవాలా?"

"అక్కర్లేదు మేడమ్. చిన్న పరిశ్రమలకు 45 రోజుల్లోపు డబ్బు కట్టాలని 2006 చట్టంలోనే ఉంది. అది అమలైతే మా రెండో మిషన్ షాపులోనే ఉండేది" అన్నాను.